చిన్న కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు చెప్పుకునే ఘనతలకు విలువ ఎంత? మౌంట్ యూనియన్ నిజంగా అంత గొప్పదా?

మీ ప్రశ్న ఇదీ: మీ అబ్బాయి ఒహైయోలో హైస్కూల్ ఆఖరి ఏడాదికి వస్తున్నాడు, డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా ఆడతాడు. ఒక చిన్న కాలేజీ కోచ్ మా జట్టుకు రమ్మంటున్నాడు. కాలేజీ పంపిన కాగితాల నిండా కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) టైటిళ్లు, రికార్డులు, ఆల్ అమెరికన్ల (దేశంలో మేటిగా ఎంపికైన ఆటగాళ్ల) పేర్లు ఉన్నాయి. ఇవి నిజంగా ఘనతలేనా, ఒహైయో స్టేట్ లాంటి పెద్ద యూనివర్సిటీల ముందు వీటిని ఎవరైనా లెక్కచేస్తారా, అందరూ మౌంట్ యూనియన్ అనే చిన్న కాలేజీ పేరే ఎందుకు చెబుతారు అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఘనతలు నిజమైనవే. కాకపోతే అన్నిటికీ ఒకే విలువ ఉండదు. మొదట చూడాల్సింది ప్లేఆఫ్‌లలో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) సొంత కాన్ఫరెన్స్ బయటి జట్ల మీద గెలుపులు. తర్వాత, కోచ్ మారినా ఆ స్థాయి నిలిచిందా అన్నది. కాన్ఫరెన్స్ టైటిళ్లు ఆ తర్వాత. ఆల్ కాన్ఫరెన్స్ లాంటి వ్యక్తిగత అవార్డులు చిట్టచివర. మొదటి మూడింటిలోనూ మౌంట్ యూనియన్ ముందుంటుంది, ఆ పేరు ఊరికే రాలేదు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 1973లో కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది. డివిజన్ 3లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, ఒక్క డాలర్ కూడా. డివిజన్ 2లో ఒక ఫుట్‌బాల్ జట్టుకు 36 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ వరకు ఇవ్వొచ్చు, దాన్ని ముక్కలు చేసి ఎక్కువమందికి పంచుతారు. డివిజన్ 1 పైస్థాయిలో 85 పరిమితి చాలాకాలం నడిచింది, 2025 కోర్టు ఒప్పందం తర్వాత ఆ లెక్కలు మారాయి. కాబట్టి డివిజన్ 3 జట్టును ఒహైయో స్టేట్‌తో పోల్చి లాభం లేదు. ఫుట్‌బాల్ ఆడే సుమారు 240 డివిజన్ 3 కాలేజీలున్నాయి, అందరికీ ఒకటే షరతు: డబ్బిచ్చి ఆటగాణ్ణి కొనుక్కోలేరు. పోలిక ఆ 240 మధ్యే జరగాలి.

ఇప్పుడు మౌంట్ యూనియన్ లెక్క. ఈశాన్య ఒహైయోలోని అలయన్స్ అనే చిన్న పట్టణంలో, రెండువేల పైచిలుకు విద్యార్థులున్న కాలేజీ. 1846లో పెట్టారు. 2010 దాకా మౌంట్ యూనియన్ కాలేజ్ అనేవారు, తర్వాత యూనివర్సిటీ అయింది. పాత రికార్డుల్లో పేరు వేరుగా కనిపిస్తే తికమకపడకండి, రెండూ ఒకటే. డివిజన్ 3 జాతీయ ఫైనల్‌ను స్టాగ్ బౌల్ అంటారు. 1993 నుంచి 2024 సీజన్ వరకు ఈ జట్టు 23 సార్లు ఆ ఫైనల్ ఆడి 13 సార్లు గెలిచింది: 1993, 1996, 1997, 1998, 2000, 2001, 2002, 2005, 2006, 2008, 2012, 2015, 2017. 2005 నుంచి 2015 దాకా పదకొండేళ్లు ఒక్క ఏడాదీ తప్పకుండా ఫైనల్లో ఉంది. నాలుగేళ్లకు జట్టు మొత్తం కొత్తదైపోయే కాలేజీ ఆటలో పదకొండేళ్లు వరసగా ఫైనల్ అంటే, చివరి ఫైనల్ ఆడినవాళ్లు మొదటి ఫైనల్ నాటికి ప్రైమరీ స్కూల్లోనో మిడిల్ స్కూల్లోనో ఉన్నారన్నమాట. నా దృష్టిలో 13 టైటిళ్ల కంటే ఇదే పెద్ద ఘనత.

గెలుపుల వరసలు కూడా చూడండి. ఓక్లహోమా 1953 నుంచి 1957 దాకా గెలిచిన 47 వరస ఆటల రికార్డును మౌంట్ యూనియన్ 54తో దాటింది. 1999 సెమీఫైనల్లో రోవన్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 24-17తో ఓడాక ఆ వరస తెగింది. మరుసటి ఏడాది మళ్లీ మొదలుపెట్టి 55 ఆటలు గెలిచింది. దాన్ని 2003 స్టాగ్ బౌల్‌లో మినసోటాకు చెందిన సెయింట్ జాన్స్ 24-6తో ఆపింది. అంటే రెండు వరసల మధ్య ఒకే ఒక్క ఓటమి. ప్లేఆఫ్‌లు పక్కనపెట్టి రెగ్యులర్ సీజన్ మాత్రమే లెక్కేస్తే, 110 వరస గెలుపుల తర్వాత 2005 అక్టోబర్‌లో ఒహైయో నార్తర్న్ చేతిలో 21-14తో ఓడింది. ఆ తర్వాత 112 గెలిచి 2016 నవంబర్‌లో జాన్ క్యారోల్ యూనివర్సిటీ చేతిలో 31-28తో ఓడింది.

ఈ కథలో అసలు పేరు కోచ్ లారీ కేరెస్. 1986 నుంచి 2012 దాకా 27 సీజన్లు, 332 గెలుపులు, 24 ఓటములు, 3 డ్రాలు, 11 జాతీయ టైటిళ్లు. ఏడాదికి సగటున ఒక్క ఓటమి కూడా లేదు. (డ్రాలు ఎక్కడివని అడుగుతారేమో, ఓవర్‌టైమ్ పద్ధతి 1996లో వచ్చింది, అంతకుముందు డ్రా ఉండేది.) ఆయన దిగిపోయాక కొడుకు విన్స్ కేరెస్ 2013 నుంచి 2019 దాకా 95 గెలిచి 6 ఓడాడు, రెండు టైటిళ్లు తెచ్చాడు. 2020 నుంచి అదే కాలేజీ పూర్వ ఆటగాడు జెఫ్ డార్ట్ కోచ్. ఆయన హయాంలో 2022లో, 2024లో ఫైనల్‌కు వెళ్లి రెండుసార్లూ ఇల్లినాయిలోని నార్త్ సెంట్రల్ కాలేజీ చేతిలో ఓడారు. కోచ్ మారినా స్థాయి నిలవాలన్న పరీక్షలో నెగ్గారనే అంటాను, ఆ ఏళ్లలో శిఖరం మాత్రం నార్త్ సెంట్రల్ వైపు జరిగింది.

ఎందుకు కుదిరింది? దీన్ని ఎవరూ కాగితం మీద వేయరు, మీరు తెలుసుకోవాల్సింది మాత్రం ఇదే.

ఒకటి, ఊరు. అలయన్స్ పక్కనే క్యాంటన్, మాసిలన్. 1920లో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) పుట్టింది క్యాంటన్‌లోనే. ఆ చుట్టుపక్కల హైస్కూల్ ఫుట్‌బాల్ ఊరి పండుగలా నడుస్తుంది. పెద్ద యూనివర్సిటీ కోచ్ రెండంగుళాల పొడవు తక్కువని వదిలేసే కుర్రాళ్లు, ఆట బాగా తెలిసినవాళ్లు, గంట ప్రయాణంలో బోలెడుమంది దొరుకుతారు.

రెండు, సంఖ్య. మౌంట్ యూనియన్ లాంటి చోట రోస్టర్‌లో (జట్టు జాబితాలో) 150 నుంచి 200 మంది దాకా ఉంటారు. రెండువేల మంది కాలేజీలో 200 అంటే ప్రతి పదిమందిలో ఒకడు. స్కాలర్‌షిప్ లేదు కాబట్టి ఆ 200 మందీ ఫీజు కట్టేవాళ్లే. ఫుట్‌బాల్ ఉంటే అబ్బాయిలు చేరతారు, చేరితే ట్యూషన్ వస్తుంది, అందుకే ఎన్నో చిన్న కాలేజీలు ఈ ఆటను నడుపుతున్నాయి. ఇందులో తప్పేమీ లేదు, కానీ కోచ్ ఫోన్ చేశాడంటే మీ వాడు మైదానంలోకి దిగుతాడని అర్థం కాదు. వందమందికి పైగా శనివారం ఆటలో ఒక్క ప్లే కూడా ఆడరు.

మూడు, ఆ మిగిలినవాళ్లను ఏం చేస్తారన్నది. గట్టి ప్రోగ్రాముల్లో జూనియర్ వర్సిటీ (రెండో) జట్టుకు వేరే షెడ్యూలు ఉంటుంది, ఎక్కువగా ఆది, సోమవారాల్లో ఆడతారు. మొదటి ఏడాది, రెండో ఏడాది కుర్రాళ్లు అక్కడ నిజమైన ఆటలు ఆడి మూడో ఏటికి సిద్ధమవుతారు. బలహీన ప్రోగ్రాముల్లో మొదటి ఏడాది కుర్రాణ్ణే దింపేస్తారు, పద్దెనిమిదేళ్లవాడు ఇరవైరెండేళ్లవాడి ముందు నిలవలేడు, ఓడతారు, సగంమంది మానేస్తారు, మళ్లీ కొత్తవాళ్లే దిగుతారు. ఓటముల చక్రం ఇలాగే తిరుగుతుంది. మినసోటాలోని మెకాలెస్టర్ కాలేజీ 1974 నుంచి 1980 వరకు వరసగా 50 ఆటలు ఓడింది. చదువులో అది చాలా పేరున్న కాలేజీ అని కూడా గుర్తుంచుకోండి.

నాలుగు, సహాయక కోచ్‌లు లోపలినుంచే రావడం. అక్కడ ఆడినవాడే కోచింగ్‌లోకి వస్తాడు, అదే పదజాలం, అదే పద్ధతి.

ఇక అభ్యంతరాలు, ఇవీ న్యాయమైనవే. మౌంట్ యూనియన్ ఆడే ఒహైయో అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో పది జట్లున్న కాలంలో పది ఆటల రెగ్యులర్ సీజన్‌లో తొమ్మిది కాన్ఫరెన్స్‌లోనే అయిపోయేవి, బయటి జట్టుతో ఒక్కటే మిగిలేది. అందుకే 112 వరస గెలుపులు అన్న అంకెను ఫైనల్ రికార్డుతో కలిపి చదవాలి. విస్కాన్సిన్-వైట్‌వాటర్‌తో ఫైనళ్లు చూడండి: 2005 నుంచి 2011 దాకా ఏడేళ్లు వరసగా ఈ రెండు జట్లే స్టాగ్ బౌల్ ఆడాయి, మౌంట్ యూనియన్ మూడు గెలిచి నాలుగు ఓడింది. 2013లో 52-14తో, 2014లో 43-34తో మళ్లీ ఓడింది. అసలు సమవుజ్జీ దొరికినప్పుడు లెక్క ఇలా ఉంది. అయితే వైట్‌వాటర్ పన్నెండువేల మంది విద్యార్థులున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఫీజు కూడా తక్కువ. డివిజన్ 3 అంటే అన్నీ చిన్న కాలేజీలని అనుకోకండి. అప్పటి వైట్‌వాటర్ కోచ్ లాన్స్ లైపోల్డ్ 109 గెలిచి 6 ఓడి, ఆరు టైటిళ్లు తెచ్చి, బఫలోకు, ఆపైన కాన్సాస్‌కు వెళ్లాడు.

అలాగే, గొప్ప ప్రోగ్రాం అంటే మౌంట్ యూనియన్ మూసలోనే ఉండాలని లేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ సెయింట్ జాన్స్, మినసోటా. అక్కడ జాన్ గాలియార్డి 1953 నుంచి 2012 దాకా కోచ్. అంతకుముందు మోంటానాలోని క్యారోల్ కాలేజీలో 24 గెలుపులు, ఇక్కడ 465, మొత్తం 489. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో, ఏ డివిజన్‌లోనైనా, ఏ కోచ్‌కూ ఇన్ని లేవు. 2003లో మరో కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 408 గెలుపుల రికార్డును దాటాడు. నాలుగు జాతీయ టైటిళ్లు: 1963, 1965, 1976, 2003. ఇవన్నీ ఎలా సాధించాడంటే, ప్రాక్టీసులో టాకిలింగ్ (ఎదుటివాణ్ణి పట్టి పడేయడం) నిషేధం. ఈల లేదు, ఎవరినీ జట్టునుంచి తీసేయడం లేదు, ప్రాక్టీసు గంటన్నర మించదు, ఆయన్ని కోచ్ అని కాదు, జాన్ అని పిలవాలి. వారమంతా ఒకరినొకరు గుద్దుకోకపోతే శనివారానికి అందరూ ఆరోగ్యంగా ఉంటారు, పైగా ఆ సమయమంతా ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ ప్లేకి ఏం చేయాలో పదేపదే చేయించవచ్చన్నది ఆయన లెక్క. ఐవీ లీగ్ సీజన్ ప్రాక్టీసుల్లో టాకిలింగ్ ఆపేసింది 2016లో. తలకు దెబ్బల గురించి భయపడే తల్లిదండ్రులు కోచ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది: వారంలో ఎన్ని ప్రాక్టీసుల్లో పూర్తి టాకిలింగ్ ఉంటుంది? గుద్దుకోవడం నేర్పకపోతే గెలవలేమని ఎవరైనా అంటే 489 అన్న అంకె చెప్పండి.

ఓరెగాన్‌లోని లిన్‌ఫీల్డ్ మరో దారి. 1956లో మొదలైన వాళ్ల వరస, అంటే ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ల వరస, అరవై ఏళ్లు దాటింది. 2004లో డివిజన్ 3 టైటిల్ కూడా గెలిచారు, కానీ అరవై ఏళ్లలో ఎంతమంది కోచ్‌లు మారినా జట్టు పడిపోకపోవడమే నాకు పెద్దగా కనిపిస్తుంది.

మీ చేతిలో ఉన్న కాగితాన్ని ఇలా చదవండి.

జాతీయ ఛాంపియన్ అని ఉంటే ఏడాది చూడండి. డివిజన్ 3 ప్లేఆఫ్‌లు 1973లో మొదలయ్యాయి, మొదటి టైటిల్ ఒహైయోలోని విట్టెన్‌బర్గ్‌దే. అంతకుముందువి పత్రికల ఓటింగ్ వల్లనో, ఎన్‌ఏఐఏ అనే వేరే సంస్థ ప్లేఆఫ్‌ల వల్లనో వచ్చినవి. సెయింట్ జాన్స్ 1963, 1965 టైటిళ్లు ఎన్‌ఏఐఏవే. తప్పుడువి కావు, కానీ వేరే బరి.

ప్లేఆఫ్‌కు వెళ్లామని ఉంటే ఆ ఏడాది ఎన్ని జట్లను తీసుకున్నారో కూడా చూడాలి. 1985 నుంచి 1998 దాకా 16, 1999 నుంచి 28, 2005 నుంచి 32, 2024 నుంచి 40. 1990లో ప్లేఆఫ్‌కు వెళ్లడం, 2024లో వెళ్లడం ఒకటి కాదు. చాలా కాన్ఫరెన్స్‌ల విజేతకు నేరుగా చోటు ఉంటుంది, మిగతా చోట్లకు 2024 నుంచి ఎన్‌పీఐ అనే లెక్కతో ఎంపిక జరుగుతోంది. కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచి, ప్రతి ఏడాది ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లోనే నలభై పాయింట్ల తేడాతో ఓడుతుంటే ఆ కాన్ఫరెన్స్ బలహీనమని అర్థం. స్కోర్లు కాలేజీ సైట్‌లోనే సీజన్ల వారీగా ఉంటాయి, పదేళ్లవి చూడటానికి అరగంట చాలు.

టైటిల్ పక్కన కో-ఛాంపియన్ అని ఉందేమో చూడండి. ఇద్దరు ముగ్గురు సమానంగా నిలిస్తే అందరూ బ్యానర్ కట్టుకుంటారు, ప్లేఆఫ్‌కు నేరుగా వెళ్లేది ఒక్కరే.

టైటిల్ తర్వాత రద్దయిందేమో కూడా. టెక్సస్‌లోని మేరీ హార్డిన్-బేలర్ 1998లో ఫుట్‌బాల్ మొదలుపెట్టి 2016లో ఫైనల్ గెలిచింది. ఆటగాడికి కోచ్ కారు వాడుకోనిచ్చాడని ఎన్‌సీఏఏ 2019లో ఆ గెలుపుల్ని రద్దు చేసింది. 2018, 2021 టైటిళ్లు మాత్రం చెల్లుతాయి. డివిజన్ 3లో ఆటగాడికి అదనపు మేలు జరిగితే ఎంత కఠినంగా ఉంటారో దీన్నిబట్టే తెలుస్తుంది.

టైటిల్ లేకపోవడం కూడా ఒక్కోసారి ఏమీ చెప్పదు. విలియమ్స్, ఆమ్హర్స్ట్, ట్రినిటీ లాంటి న్యూ ఇంగ్లండ్ కాలేజీల కాన్ఫరెన్స్ దశాబ్దాలపాటు ఫుట్‌బాల్ జట్లను ప్లేఆఫ్‌లకు పంపనేలేదు. వాళ్లకు 1884లో మొదలైన విలియమ్స్-ఆమ్హర్స్ట్ ఆటే పెద్దది.

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క కాగితంలో ఉండదు, మీరే వేయాలి. కాలేజీ అథ్లెటిక్స్ సైట్‌లో పాత రోస్టర్లు తెరవండి. మూడేళ్ల కిందటి జాబితాలో ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాదివాళ్ల) పేర్లన్నీ రాసుకోండి. ఈ ఏటి జాబితాలో వాళ్లలో సీనియర్లుగా (నాలుగో ఏడాదివాళ్లుగా) ఎంతమంది మిగిలారో టిక్ పెట్టండి. మాటవరసకు అరవైమంది చేరితే పాతిక ముప్ఫైమంది మిగిలారంటే ప్రోగ్రాం ఆరోగ్యంగా ఉంది. పదీ పన్నెండుమందే మిగిలితే మిగతావాళ్లు ఎక్కడికి పోయారో కోచ్‌ని అడగండి. కోచ్ మారిన ఏడాది, కోవిడ్ ఏడాది లెక్క తారుమారుగా ఉంటుంది, అందుకే కనీసం రెండు బ్యాచ్‌లకు ఇలా చేయండి. తర్వాత లైన్‌బ్యాకర్లను మాత్రమే లెక్కపెట్టండి: ఎంతమంది, ఏ ఏడాదివాళ్లు, ఎంత బరువు. మీ వాడు మూడో ఏటికి వచ్చేసరికి ముందున్న ఎంతమంది వెళ్లిపోతారో అప్పుడు తెలుస్తుంది. క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు కిందటేడు జూనియర్ వర్సిటీ ఎన్ని ఆటలు ఆడిందో అడగండి. గట్టి ప్రోగ్రాంలో అంకె వెంటనే వస్తుంది.

ప్రొఫెషనల్ ఆశ గురించి దాచకుండా చెబుతాను. మౌంట్ యూనియన్ నుంచి పియర్ గార్సోన్ 2008 డ్రాఫ్ట్ (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) ఆరో రౌండ్‌లో కోల్ట్స్‌కు వెళ్లి, 2013లో 113 క్యాచ్‌లతో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. సెసిల్ షార్ట్స్ 2011లో నాలుగో రౌండ్. అప్పట్లో అదే కాన్ఫరెన్స్‌లో ఉన్న జాన్ క్యారోల్ నుంచి లండన్ ఫ్లెచర్ డ్రాఫ్ట్ కాకుండానే వెళ్లి వరసగా 256 ఆటలు ఆడాడు, అతనూ లైన్‌బ్యాకరే. పేర్లు ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి. మౌంట్ యూనియన్ ఆటగాడు నేట్ కమిక్ నాలుగేళ్లలో బంతితో 8,074 గజాలు పరుగెత్తాడు, ఎన్‌సీఏఏలో ఎనిమిదివేలు దాటిన మొదటివాడు, అయినా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్థిరపడలేదు. కోచింగ్ దారి మాత్రం నిజంగా పెద్దది. ఈగిల్స్‌ను 2025 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ గెలిపించిన నిక్ సిరియాని, అయోవా స్టేట్‌ను నిలబెట్టిన మ్యాట్ క్యాంప్‌బెల్, క్యారొలైనా పాంథర్స్ తొలి కోచ్ డామ్ కేపర్స్, ముగ్గురూ మౌంట్ యూనియన్‌లో ఆడినవాళ్లే. మీ వాడికి ఆటను విశ్లేషించడం ఇష్టమైతే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

చివరగా డబ్బు. "ఫుట్‌బాల్ కోసం ఇంత ఇప్పిస్తాను" అని డివిజన్ 3 కోచ్ అంటే అక్కడే ఆగండి, అలా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. ఇచ్చేవి మార్కులను బట్టి మెరిట్ సాయం, కుటుంబ ఆదాయాన్ని బట్టి అవసర సాయం. ఆటగాళ్లకు మిగతా విద్యార్థుల కంటే ఎక్కువ ముట్టజెప్పారేమోనని ఎన్‌సీఏఏ ఏటా లెక్కలు తెప్పించుకుంటుంది. ఇందులో మీకు మంచి కూడా ఉంది: ఆ సాయం ఆటకు ముడిపడి లేదు కాబట్టి మోకాలు దెబ్బతిని ఆట మానేసినా మెరిట్ డబ్బు పోదు, మార్కులు నిలబెట్టుకుంటే చాలు. ఏ జీపీఏ దాకా నిలుస్తుందో ఉత్తరంలో చదవండి. సంతకాల రోజు ఫొటో దిగే కాగితానికి డివిజన్ 3లో ఆర్థికంగా ఏ బలమూ లేదు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు పంపే ఉత్తరమే అసలు కాగితం.

మన కుటుంబాల్లో చాలామందికి వర్తించే మాట ఒకటి: అబ్బాయి సిటిజన్ లేదా గ్రీన్‌కార్డ్ ఉన్నవాడైతే ఫాఫ్సా (ఫెడరల్ సాయం దరఖాస్తు) నింపండి. హెచ్-4 మీద ఉంటే ఫెడరల్ సాయం రాదు, అప్పుడు కాలేజీ సొంత మెరిట్ ఎంతన్నదే మొత్తం లెక్క. ఇరవై ఒకటి నిండితే హెచ్-4 పోతుంది, చదువు మధ్యలో ఎఫ్-1కి మారాల్సి రావచ్చు. మారితే సాయం అలాగే ఉంటుందా, తగ్గుతుందా అని కోచ్‌ని కాకుండా అడ్మిషన్ల ఆఫీసును అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.